ఒకే వాన, ఒకే ఎండ... ఒకచోట అడవి, ఇంకోచోట గడ్డిభూమి: ఆవరణ వ్యవస్థల్లో ఇన్ని రకాలు ఎందుకు?

క్లుప్తంగా: ఒక ఆవరణ వ్యవస్థ ఏ రకమో తేలాలంటే అక్కడ దేనికి కొరత ఉంది, ఆ స్థితిని ఏది నిలబెడుతోంది అని చూడాలి. నేల మీద ఎక్కువ చోట్ల ఆ కొరత నీటిదో వేడిదో. సముద్రంలో పోషకాలది, వెలుతురుది. సవన్నాల్లాంటి (గడ్డి మధ్య అక్కడక్కడా చెట్లున్న) చోట్ల వాతావరణంతో సమానంగా నిప్పు, మేత కూడా రకాన్ని నిర్ణయిస్తాయి. అందుకే ఒక వ్యవస్థను కాపాడే పద్ధతి ఇంకో వ్యవస్థను పాడుచేయవచ్చు.

అడవి, గడ్డిభూమి, ఎడారి, టండ్రా, మంచినీరు, సముద్రం. స్కూల్లో చదివిన ఈ జాబితా చాలామందికి గుర్తుంటుంది. పరీక్షకు అది సరిపోతుంది కానీ, ఇప్పుడు వార్తల్లో వస్తున్న విషయాలు అర్థం కావాలంటే చాలదు. ఎక్కడో కోట్ల మొక్కలు నాటుతామని ప్రకటిస్తే కొందరు శాస్త్రవేత్తలే ఎందుకు అభ్యంతరం చెబుతారు? అమెజాన్ అడవిలో కొంత భాగం సవన్నాలా మారిపోవచ్చంటే అర్థం ఏమిటి? సముద్రపు నీరు ఒక్క డిగ్రీ వేడెక్కితే పగడాలు ఎందుకు తెల్లబడతాయి? వీటికి జవాబు దొరకాలంటే ఒక్కో వ్యవస్థ లోపల ఏం జరుగుతోందో చూడాలి.

పేర్లు ఎలా వచ్చాయి

జీవులను, అవి బతికే నేలను, నీటిని, గాలిని కలిపి ఒకే వ్యవస్థగా చూడాలని 1935లో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త ఆర్థర్ టాన్స్లీ ప్రతిపాదించారు. 1942లో రేమండ్ లిండెమాన్ అనే యువ శాస్త్రవేత్త అమెరికాలోని ఒక చిన్న సరస్సును ఆధారం చేసుకుని, అలాంటి వ్యవస్థలో శక్తి ఎలా చేతులు మారుతుందో లెక్కగట్టారు. మొక్కలు పట్టుకున్న శక్తిలో కొంతే వాటిని తినే జీవులకు అందుతుంది. అందులో మళ్ళీ కొంతే ఆ పై మెట్టుకు చేరుతుంది. సగటున పదో వంతు అని పుస్తకాల్లో రాస్తారు, నిజానికి ఈ వాటా వ్యవస్థను బట్టి బాగా మారుతుంది. 27 ఏళ్లు నిండకుండానే చనిపోయిన లిండెమాన్ తన పత్రం అచ్చులో రావడం చూడలేదు. ఆవరణ శాస్త్రం మాత్రం ఇప్పటికీ ఆ పునాది మీదే నడుస్తోంది.

ఆ తర్వాత అమెరికా ఆవరణ శాస్త్రవేత్త రాబర్ట్ విటేకర్ ఒక సులువైన పటం గీశారు. ఒక అంచున ఏడాది సగటు ఉష్ణోగ్రత, ఇంకో అంచున ఏడాది వర్షపాతం. ఈ రెండూ తెలిస్తే ఒక ప్రాంతంలో అడవి ఉంటుందా, గడ్డి ఉంటుందా, ఎడారి ఉంటుందా అన్నది చాలావరకు చెప్పేయవచ్చు. ఈ పటం చాలా చోట్ల సరిపోతుంది. సరిపోని చోట్లే ఎక్కువ ఆసక్తికరం, వాటి సంగతి ముందు ముందు వస్తుంది.

ఈ మధ్య అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్, ఇంకా వివరమైన వర్గీకరణ తెచ్చింది. అందులో 25 బయోమ్‌లు (అడవి, ఎడారి లాంటి పెద్ద విభాగాలు), వాటి కింద 110 రకాల ఆవరణ వ్యవస్థలు ఉన్నాయి. నేల, మంచినీరు, సముద్రం, భూగర్భం అనే నాలుగు ప్రధాన మండలాలతో పాటు అవి ఒకదానితో ఒకటి కలిసే చోట్లకు కూడా విడిగా స్థానం ఇచ్చారు. మడ అడవిలో నేల, నది, సముద్రం మూడింటి స్వభావమూ ఉంది. పాత జాబితాల్లో దాన్ని ఎక్కడో ఒకచోట ఇరికించాల్సి వచ్చేది. ఈ వర్గీకరణ చేసిన ఇంకో మంచి పని, ఏ జాతులు ఉన్నాయన్న దానికంటే వ్యవస్థ ఎలా పనిచేస్తోందన్న దానికి ముందు చోటు ఇవ్వడం. ఆఫ్రికా సవన్నాలో తిరిగే జంతువులు వేరు, ఆస్ట్రేలియా సవన్నాలో తిరిగేవి వేరు. పనితీరు మాత్రం దగ్గరగా ఉంటుంది.

వానను పంచిపెట్టే గాలి

ప్రపంచ పటంలో పెద్ద ఎడారులు ఎక్కడున్నాయో గమనిస్తే ఒక క్రమం కనిపిస్తుంది. సహారా, అరేబియా, కలహారి, ఆస్ట్రేలియా ఎడారులు భూమధ్యరేఖకు అటూ ఇటూ దాదాపు 30 డిగ్రీల అక్షాంశాలకు దగ్గర్లో ఉంటాయి. భూమధ్యరేఖ దగ్గర ఎండ నేరుగా పడుతుంది. అక్కడ వేడెక్కిన గాలి తేమతో పైకి లేచి, చల్లబడి, తన నీటిలో ఎక్కువ భాగాన్ని అక్కడే కుండపోతగా కురిపిస్తుంది. అమెజాన్, కాంగో, ఇండోనేషియా అడవులు ఆ వాన కిందే ఉన్నాయి. తేమ వదిలేసిన గాలి పైపైన ధ్రువాల వైపు సాగి, 30 డిగ్రీల దగ్గర కిందికి దిగుతుంది. దిగే గాలి వేడెక్కుతుంది, అందులో మబ్బు నిలవదు. అంటే దట్టమైన అడవిని, ఎడారిని తయారు చేస్తున్నది ఒకే గాలి చక్రం.

పర్వతాలు, సముద్ర ప్రవాహాలు ఈ లెక్కను మారుస్తాయి. తేమగాలి కొండ ఎక్కేటప్పుడు ఇవతలి వాలు మీదే కురిసేస్తుంది కాబట్టి అవతలి వైపు వర్షచ్ఛాయా ప్రాంతం మిగులుతుంది. చిలీలోని అటకామా ఎడారికి ఒక పక్క ఆండీస్ పర్వతాలు అడ్డం, ఇంకో పక్క తీరం వెంట చల్లటి సముద్ర ప్రవాహం. చల్లటి నీటి మీది గాలి పైకి లేవదు కాబట్టి సముద్రం పక్కనే ఉన్నా వాన రాదు. పొగమంచు మాత్రం వస్తుంది. అటకామాలోనూ ఆఫ్రికా తీరంలోని నమీబ్‌లోనూ ఆ పొగమంచు తడి మీదే బతికే జీవులు ఉన్నాయి.

ఎడారి అనగానే వేడి గుర్తుకొస్తుంది కానీ అక్కడి అసలు కొరత నీటిది. ఆ లెక్కన అంటార్కిటికా ప్రపంచంలోనే అతి పెద్ద ఎడారి.

అడవి పచ్చదనం, నేల సారం

ఉష్ణమండల వర్షారణ్యాన్ని చూసినవారు దాని నేల ఎంతో సారవంతమని అనుకుంటారు. చాలా చోట్ల అది నిజం కాదు. లక్షల ఏళ్ల వానకు పోషకాలు కొట్టుకుపోయి, అమెజాన్ నేలల్లో ఎక్కువ భాగం పేదవిగా మిగిలాయి. సంపదంతా చెట్లలోనే ఉంది. కింద పడిన ఆకు ఆ వేడికి, తేమకు త్వరగా కుళ్లిపోతుంది. నేల పైపొరలోనే అల్లుకున్న వేర్లు, వాటితో కలిసి బతికే శిలీంధ్రాలు ఆ పోషకాలను కిందికి జారనివ్వకుండా పట్టుకుంటాయి. అయినా కొద్దికొద్దిగా కారిపోయే భాస్వరాన్ని భర్తీ చేసే దారుల్లో ఒకటి అట్లాంటిక్ అవతల ఉంది. సహారా నుంచి లేచిన దుమ్ము సముద్రం దాటి అమెజాన్ మీద పడుతుంది. దానితో ఏటా సుమారు 22,000 టన్నుల భాస్వరం అందుతోందని ఉపగ్రహ సమాచారంతో వేసిన ఒక అంచనా 2015లో వెలువడింది. ఆ దుమ్ముకు ముఖ్యమైన వనరుల్లో ఒకటి చాద్ దేశంలోని బొడేలే అనే పల్లపు ప్రాంతం, ఒకప్పటి సరస్సు అడుగు. ఒక ఎడారి ఒక అడవికి ఎరువు వేస్తోందన్నమాట.

సమశీతోష్ణ గడ్డిభూముల్లో లెక్క తిరగబడుతుంది. ఉత్తర అమెరికా ప్రెయిరీలు, యురేషియా స్టెప్పీల్లో పైకి కనిపించేది గడ్డే. కానీ ప్రెయిరీ గడ్డి వేర్లు రెండు మీటర్లకు పైగా లోతుకు దిగుతాయి. ఏటా ఆ వేర్లలో కొన్ని నేలలోనే చనిపోతాయి, చలికి అవి పూర్తిగా కుళ్లవు. వేల ఏళ్లుగా అలా పోగుపడగా తయారైనవే ఉక్రెయిన్ నల్లనేలల్లాంటివి. వర్షారణ్యంలో సంపద నేల పైన ఉంటే ఇక్కడ నేల కింద ఉంది.

అందువల్ల రెంటినీ సాగులోకి తెచ్చినప్పుడు ఫలితం వేర్వేరుగా ఉంటుంది. అడవి కొట్టి తగలబెట్టిన నేల కొన్ని పంటలకే నీరసిస్తుంది. గడ్డిభూమి నేల దశాబ్దాల పాటు పండుతుంది, కానీ పట్టి ఉంచే వేర్లు పోయాక కరువు వస్తే ఆ మట్టే గాలికి లేస్తుంది. 1930లలో అమెరికా మైదానాల్లో డస్ట్ బౌల్‌గా పేరుపడిన విపత్తు అదే. వేల ఏళ్ల పోగు కొన్నేళ్లలో దుమ్ముగా ఎగిరిపోయింది.

నిప్పు, మేత నిలబెట్టే సవన్నా

విటేకర్ పటం గట్టిగా తడబడేది సవన్నాల దగ్గరే. ఏడాదికి సుమారు 1,000 నుంచి 2,500 మిల్లీమీటర్ల వాన పడే ఉష్ణమండల ప్రాంతాల్లో చాలా చోట్ల దట్టమైన అడవీ ఉండవచ్చు, గడ్డి మధ్య అక్కడక్కడా చెట్లున్న సవన్నా కూడా ఉండవచ్చు. వాతావరణం ఒక్కటే, నేల కూడా ఒక్కోసారి ఒక్కటే. తేడా చేసేది నిప్పు.

గడ్డి పెరిగే మొన నేలకు ఆనుకుని ఉంటుంది. పైభాగం కాలినా, జంతువు మేసినా కింద నుంచి మళ్ళీ వస్తుంది. చెట్టు మొలకకు పెరిగే మొన కొసన ఉంటుంది, అది కాలితే మొలక పెరుగుదల మళ్ళీ మొదటికొస్తుంది. కాబట్టి తరచుగా గడ్డి కాలే చోట మొలకలు చెట్లుగా ఎదగవు. చెట్లు లేక నీడ పడదు, నీడ లేక గడ్డి మళ్ళీ ఏపుగా పెరిగి మళ్ళీ కాలుతుంది. అదే వరసగా చాలా ఏళ్లు నిప్పు రాకపోతే చెట్ల కొమ్మలు కలిసిపోయి నీడ కమ్ముతుంది. నీడలో గడ్డి పెరగదు కాబట్టి ఆ తర్వాత నిప్పు వచ్చినా లోపలికి పాకడం కష్టం. రెండు స్థితులూ తమను తాము నిలబెట్టుకుంటాయి. ఒకదాని నుంచి ఇంకోదానికి మారాలంటే పెద్ద కుదుపే కావాలి.

టాంజానియాలోని సెరెంగెటిలో ఇది కళ్ల ముందు జరిగింది. రిండర్‌పెస్ట్ అనే పశువుల అంటువ్యాధి 19వ శతాబ్దం చివర్లో ఆఫ్రికాలో అడుగుపెట్టి పశువులతో పాటు అడవి జంతువులనూ తుడిచిపెట్టింది. 1950, 60 దశకాల్లో సెరెంగెటి చుట్టుపక్కల పశువులకు టీకాలు వేశారు. అడవి జంతువులకు వేయలేదు. అయినా పశువుల్లో వ్యాధి ఆగేసరికి వైల్డ్‌బీస్ట్‌లకు (గుంపులుగా మేసే ఒక అడవి జంతువు) సోకడమూ ఆగిపోయింది. 1960ల మొదట్లో 3 లక్షల లోపు ఉన్న వైల్డ్‌బీస్ట్‌లు 1970ల చివరికి 12 లక్షలు దాటాయి. అన్ని నోళ్లు మేసేసరికి ఎండిన గడ్డి తగ్గింది, మంటలు తగ్గాయి. తర్వాతి దశాబ్దాల్లో అక్కడ చెట్లు పెరిగాయి, వాటితో పాటు నిల్వ ఉండే కార్బన్ కూడా. ఒక వైరస్ పోవడంతో వ్యవస్థ రూపమే మారింది. రిండర్‌పెస్ట్ ప్రపంచమంతటా అంతరించిందని 2011లో ప్రకటించారు.

మొక్కలు నాటే పథకాల మీద శాస్త్రవేత్తల అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. 2011లో ప్రారంభమైన బాన్ ఛాలెంజ్ అనే అంతర్జాతీయ కార్యక్రమం కింద 2030 నాటికి 35 కోట్ల హెక్టార్లను పునరుద్ధరించాలన్నది లక్ష్యం. ఉద్దేశం మంచిదే. కానీ చెట్లు తక్కువగా ఉన్న ప్రతి చోటునూ పాడైన అడవిగా లెక్కేస్తే, ఎంతో పూర్వం నుంచి గడ్డిభూములుగానే ఉన్న ప్రాంతాలు కూడా ఆ ఖాతాలో పడిపోతాయి. అక్కడ వేగంగా పెరిగే చెట్లు నాటితే ఎండను నమ్ముకున్న గడ్డి జాతులు, వాటి మీద బతికే జంతువులు పోతాయి. చెట్లు ఎక్కువ నీరు తాగడంతో వాగుల్లో నీరు తగ్గుతుంది. పైగా ఎండాకాలంలో నిప్పు వచ్చిందంటే చెట్లలో చేరిన కార్బన్ గాలిలోకి పోతుంది. గడ్డిభూమి తన కార్బన్‌లో ఎక్కువ భాగాన్ని మంటకు అందకుండా మట్టిలో ఉంచుకుంటుంది. వార్తల్లో మొక్కల సంఖ్యే శీర్షికకు ఎక్కుతోంది, ఆ నేల ఇదివరకు ఏ రకానికి చెందిందన్న ప్రశ్న మాత్రం అరుదుగా కనిపిస్తుంది. ఇది పెద్ద లోటు.

చలి దాచిపెట్టిన కార్బన్

ఉత్తరాన రష్యా, కెనడాల మీదుగా పరుచుకున్న టైగా భూమి మీది అతి పెద్ద అడవి పట్టీ. అక్కడ వేసవి పొట్టిది, నేల ఆమ్ల గుణంతో పేదగా ఉంటుంది. ఏటా కొత్త ఆకులు వేసుకోవడం చెట్టుకు భారం కాబట్టి స్ప్రూస్, పైన్ లాంటివి సూది ఆకులను ఏళ్ల తరబడి ఉంచుకుంటాయి. చలి మరీ తీవ్రమైన తూర్పు సైబీరియాలో లార్చ్ చెట్లు ఆ ఆకులనూ రాల్చేస్తాయి.

ఇంకా పైకి వెళ్తే చెట్లు ఆగిపోయి టండ్రా మొదలవుతుంది. వేసవిలో నేల పైపొర మాత్రమే కరుగుతుంది, దాని కింద ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉంటుంది. దీన్నే పర్మాఫ్రాస్ట్ అంటారు. ఇక్కడ మొక్కలు ఏటా పెరిగేది కొంచెమే. కానీ ఆ కొంచెం కూడా సరిగ్గా కుళ్లదు కాబట్టి వేల ఏళ్లుగా పేరుకుపోయింది. ఉత్తర ప్రాంతాల పర్మాఫ్రాస్ట్ నేలల్లో దాదాపు లక్షన్నర కోట్ల టన్నుల కార్బన్ ఉందని అంచనా. ఇప్పుడు వాతావరణంలో ఉన్న కార్బన్‌కు ఇది దాదాపు రెట్టింపు. నేల కరిగితే సూక్ష్మజీవులు దాన్ని తినడం మొదలుపెడతాయి. గాలి తగిలే చోట కార్బన్ డయాక్సైడ్, నీరు నిలిచిన చోట మీథేన్ వెలువడతాయి. అవి భూమిని ఇంకాస్త వేడెక్కిస్తాయి, దాంతో ఇంకాస్త నేల కరుగుతుంది.

ఎత్తైన పర్వతాల మీద ఈ పట్టీలే తక్కువ దూరంలో ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. కిలోమీటరు ఎత్తుకు సగటున 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది కాబట్టి, పాదం దగ్గర వర్షారణ్యం ఉన్న పర్వతానికి నెత్తిన మంచు ఉండవచ్చు. 1802లో ఆండీస్‌లోని చింబొరాజో పర్వతాన్ని శిఖరానికి కొంత దిగువ దాకా ఎక్కిన జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ హంబోల్ట్ ఈ అంతరువులను గమనించి పటంగా గీశారు.

సరస్సు, చిత్తడి, మడ

నదులు, సరస్సులు భూ ఉపరితలంలో 1 శాతం లోపే. అయినా వెన్నెముక ఉన్న జీవజాతుల్లో దాదాపు మూడో వంతు మంచినీటివే. ఒక సరస్సుకు, ఇంకో సరస్సుకు మధ్య నేల అడ్డం కాబట్టి ఒక్కోచోట ఒక్కో జాతి విడిగా రూపొందింది. రష్యాలోని బైకాల్ సరస్సులో సముద్రానికి అంత దూరాన కూడా సొంత సీల్ జాతి ఉంది.

సరస్సు లోపలి జీవితమంతా నీటికున్న ఒక గుణం మీద ఆధారపడుతుంది. మంచినీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటుంది. చలి దేశాల్లో వేసవిలో వెచ్చటి తేలిక నీరు పైన, చల్లటి బరువు నీరు కింద పొరలుగా నిలిచిపోతాయి. కింది పొరకు గాలి అందదు, అక్కడి ఆక్సిజన్ క్రమంగా ఖర్చవుతుంది. శరత్కాలంలో పైనీరు చల్లబడి బరువెక్కగానే సరస్సంతా కలగలిసి, ఆక్సిజన్ కిందికి, పోషకాలు పైకి చేరుతాయి. ఉష్ణమండలంలోని లోతైన టాంగన్యికా సరస్సు ఇలా పూర్తిగా కలవదు. కాబట్టి దాని లోతుల్లో ఆక్సిజన్ ఉండదు, చేపలు పైపొరకే పరిమితం.

మంచినీటిలో ఎక్కువగా కొరత పడేది భాస్వరం. దీన్ని తేల్చిన ప్రయోగం 1973లో కెనడాలో జరిగింది. 226వ నంబరు ఇచ్చిన ఒక సరస్సును మధ్యలో ప్లాస్టిక్ తెరతో రెండుగా విడదీశారు. రెండు వైపులా కార్బన్, నత్రజని కలిపారు. ఒక వైపు మాత్రం భాస్వరం కూడా కలిపారు. ఆ వైపు నీరు నాచుతో పచ్చగా మారిపోయింది, తెర అవతల నీరు మామూలుగానే ఉంది. ఆకాశం నుంచి తీసిన ఫోటోలో ఆ తేడా చూశాక వాదించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. బట్టల సబ్బు పొడుల్లో ఫాస్ఫేట్ల మీద చాలా దేశాల్లో ఆంక్షలు రావడానికి ఇలాంటి ప్రయోగాలే బలమైన ఆధారం అయ్యాయి.

నీరు నిలిచే చిత్తడి నేలల్లో కొరత ఆక్సిజన్‌ది. అది లేకపోతే చచ్చిన మొక్క సగంలోనే కుళ్లడం ఆగి పీట్‌గా పేరుకుంటుంది. నేలలో 3 శాతమే ఉన్న పీట్ భూముల్లో, ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటిలో ఉన్నదానికంటే ఎక్కువ కార్బన్ ఉంది. కాలువలు తవ్వి నీరు తీసేస్తే అదంతా గాలి తగిలి కుళ్లుతుంది, ఎండితే నెలల తరబడి లోలోపలే కాలుతుంది. మడ అడవుల్లో ఆక్సిజన్ కొరతకు ఉప్పు కూడా తోడవుతుంది. అందుకే అక్కడి చెట్లకు బురదలోంచి పైకి పొడుచుకొచ్చే శ్వాస వేర్లు, ఉప్పును వడకట్టే వేర్లు లేదా ఉప్పును బయటికి నెట్టే ఆకులు ఉంటాయి.

సముద్రం: కొంచెం సరుకుతో సగం ఉత్పత్తి

భూమి మీద కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఏటా తయారయ్యే సేంద్రియ పదార్థంలో దాదాపు సగం సముద్రంలోనే తయారవుతుంది. కానీ ఆ పని చేసే జీవులను తూకం వేస్తే చాలా తక్కువ. నేల మీది మొక్కల్లో ఉన్న కార్బన్ సుమారు 45,000 కోట్ల టన్నులు. సముద్రంలోని ఉత్పత్తిదారుల్లో ఉన్నది సుమారు 100 కోట్ల టన్నులు. ఇంత తక్కువ సరుకుతో అంత ఉత్పత్తి ఎలా? నీటిలో తేలుతూ ఎండతో తిండి తయారు చేసుకునే సూక్ష్మజీవులైన వృక్ష ప్లవకాలకు కాండం, కలప కట్టుకునే పని లేదు. అవి రోజుల్లోనే విభజన చెందుతాయి, అంతే వేగంగా వాటిని తినే చిన్న జీవులైన జంతు ప్లవకాల నోట పడతాయి. ఒక్కో క్షణంలో ఉన్నది కొంచెమే అయినా ఏడాది పొడవునా తిరిగే మొత్తం చాలా పెద్దది. అందుకే సముద్రంలో తినే జీవుల మొత్తం బరువు తిండి తయారు చేసే జీవుల కంటే ఎక్కువ. నేల మీద అలా ఉండదు.

నేల మీద మొక్కకు కొరత ఎక్కువగా నీటిది కదా, సముద్రంలో చిక్కు వేరు. వెలుతురు పైన 200 మీటర్ల లోపే ఉంటుంది. పోషకాలేమో చచ్చిన జీవులతో పాటు కిందికి జారిపోతాయి. సముద్రం సగటు లోతు సుమారు 3,700 మీటర్లు. వెలుతురు ఉన్నచోట పోషకాలు లేవు, పోషకాలు ఉన్నచోట వెలుతురు లేదు. నడి సముద్రంలో నీరు అంత నీలంగా, తేటగా ఉండటానికి కారణం అందులో ప్లవకాలు అంతగా లేకపోవడమే. ఇంకొన్ని చోట్ల నత్రజని, భాస్వరం ఉన్నా ప్లవకాలు పెరగవు. అక్కడ కొరత ఇనుముది అని సముద్ర శాస్త్రవేత్త జాన్ మార్టిన్ వాదించారు. 1993లో, ఆయన చనిపోయిన కొద్ది నెలలకు, పసిఫిక్‌లో నీటికి ఇనుము కలిపి చూస్తే ప్లవకాలు నిజంగానే పెరిగాయి.

లోతు నీరు పైకి తన్నుకొచ్చే తీరాల్లో వెలుతురు, పోషకాలు రెండూ కలుస్తాయి. పెరూ తీరం అందుకు పేరుపడింది. అక్కడి గాలులు పైనీటిని తీరం నుంచి దూరంగా నెడితే, కింది చల్లటి నీరు పోషకాలతో పైకి వస్తుంది. 1970లో అక్కడ పట్టిన ఆంకోవీ చేపలు కోటీ 20 లక్షల టన్నులు దాటాయి. 1972లో ఎల్‌నినో (పసిఫిక్ సముద్రపు పైనీరు మామూలుకంటే వేడెక్కడం) వచ్చి ఆ పొంగు బలహీనపడింది. అప్పటికే అతిగా పట్టిన చేపల మీద ఆ దెబ్బ కూడా పడేసరికి రెండేళ్లలో పరిశ్రమ కుప్పకూలింది.

పగడపు దిబ్బలది ఇంకో దారి. అవి పోషకాలు తక్కువగా ఉన్న తేట నీటిలోనే పెరుగుతాయి. సముద్రపు అడుగులో 1 శాతం లోపే ఆక్రమించినా సముద్ర జాతుల్లో దాదాపు పాతిక శాతానికి ఆసరా ఇస్తాయి. పగడం ఒక చిన్న జంతువు, దాని కణాల్లో ఏకకణ శైవలాలు కాపురం ఉంటాయి. శైవలం వెలుతురుతో చక్కెర తయారు చేసి పగడానికి ఇస్తుంది. పగడం తన వ్యర్థాల్లోని నత్రజనిని శైవలానికి ఇస్తుంది. పోషకం బయటికి పోకుండా ఆ ఇద్దరి మధ్యే తిరుగుతుంది. వేసవి గరిష్ఠం కంటే నీరు ఒక డిగ్రీ మించి కొన్ని వారాలు ఉంటే ఈ ఏర్పాటు చెదిరిపోతుంది. వేడికి శైవలాల్లో హానికర పదార్థాలు తయారవుతాయి, పగడం వాటిని బయటికి నెట్టేస్తుంది. రంగు శైవలానిది కాబట్టి కింది తెల్లటి సున్నపు గూడు కనిపిస్తుంది. వెంటనే చావదు, ఆకలితో ఉంటుంది. నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది కూడా. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి ఇలా పగడాలు తెల్లబడుతున్నాయని 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు.

సూర్యుడి అవసరం లేని చోట్లు

1977లో గాలపగోస్ దగ్గర సుమారు 2,500 మీటర్ల లోతున వేడినీటి ఊటలను వెతుకుతూ వెళ్లిన భూగర్భ శాస్త్రవేత్తలకు వాటి చుట్టూ గుల్లలు, పీతలు, మనిషిని మించిన పొడవున్న గొట్టపు పురుగులు గుంపులుగా కనిపించాయి. ఆ పురుగుకు నోరు లేదు, పేగు లేదు. లోపల ఉన్న బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను ఆక్సీకరించి, ఆ శక్తితో తిండి తయారు చేస్తుంది. దీన్ని రసాయన సంశ్లేషణ అంటారు. ఆహార గొలుసులన్నీ ఎండతోనే మొదలవుతాయన్న నమ్మకం దాంతో సడలింది. అయితే ఆ బ్యాక్టీరియా వాడుకునే ఆక్సిజన్ పైనుంచి వచ్చినదే, అంటే మొక్కలు, ప్లవకాలు ఎండలో తయారు చేసినదే. సూర్యుడితో సంబంధం పూర్తిగా తెగిపోలేదు.

రుమేనియాలో 1986లో బయటపడ్డ మొవిలే గుహ కూడా ఇలాంటిదే. లక్షల ఏళ్లుగా బయటి ప్రపంచంతో దాదాపు తెగిపోయిన ఆ గుహలో నీటి మీద తేలే బ్యాక్టీరియా పొర మీద ఆధారపడి సాలీళ్లు, జెర్రులు, నత్తలు బతుకుతున్నాయి. వాటిలో చాలా జాతులు ఇంకెక్కడా లేవు.

మనిషి నడిపే వ్యవస్థలు

పొలాలు, తోటలు, నగరాలు, జలాశయాలను ఐయూసీఎన్ వర్గీకరణ విడి రకాలుగా గుర్తించింది. ఇది సరైన పనే, ఎందుకంటే మంచు లేని నేలలో మూడో వంతుకు పైగా ఇప్పుడు సాగుకో మేతకో వాడుతున్నారు. సహజ వ్యవస్థలో కొరతే రకాన్ని నిర్ణయిస్తే, పొలంలో కొరతను మనిషి బయటి నుంచి తీరుస్తాడు. నీరు పెడతాడు, ఎరువు వేస్తాడు, పంటతో పాటు పోషకాలను బయటికి తీసుకెళ్తాడు. అందుకే ఆ చక్రం పూర్తికాదు. మిగిలిన ఎరువు కాలువల్లో పడి సరస్సులో నాచుగా, నదీముఖం దగ్గర ఆక్సిజన్ లేని నీటిగా తేలుతుంది. 2018లో వచ్చిన ఒక లెక్క ప్రకారం భూమి మీది క్షీరదాల బరువులో దాదాపు 60 శాతం పెంపుడు జంతువులది, 36 శాతం మనుషులది. అడవిలోనూ సముద్రంలోనూ ఉన్న క్షీరదాలన్నీ కలిపి 4 శాతం.

రకం మారిపోయేటప్పుడు

అమెజాన్ గురించిన హెచ్చరిక ఇప్పుడు సులువుగా అర్థమవుతుంది. ఆ అడవి తన వానలో గణనీయమైన భాగాన్ని తానే తయారు చేసుకుంటుంది. అట్లాంటిక్ నుంచి వచ్చిన తేమ తూర్పున కురుస్తుంది, చెట్లు దాన్ని ఆకుల ద్వారా ఆవిరిగా తిరిగి గాలిలోకి వదులుతాయి, అది ఇంకా పడమరకు పోయి మళ్ళీ కురుస్తుంది. తూర్పున చెట్లు కొట్టేస్తే పడమటి అడవికి వాన తగ్గుతుంది. ఎండాకాలం పొడవవుతుంది, నిప్పు లోపలికి వస్తుంది, నీడ పలచబడి గడ్డి చేరుతుంది. గడ్డి వచ్చాక పైన సవన్నాలో చెప్పిన చక్రమే మొదలవుతుంది. అయితే అలా తయారయ్యేది నిజమైన సవన్నా కాదు. సెరెంగెటిలోని జీవ వైవిధ్యం కొన్ని దశాబ్దాల్లో అక్కడికి వచ్చి చేరదు. అది సవన్నా ఆకారంలో ఉన్న పాడైన అడవి.

తిరిగి కోలుకునే వేగం కూడా రకాన్ని బట్టి మారుతుంది. పీట్ ఏడాదికి మిల్లీమీటరు మేర పేరుకుంటే ఎక్కువ, కాబట్టి పోయిన మీటరు పీట్‌కు వెయ్యేళ్లు కావాలి. సరస్సు చాలా త్వరగా స్పందిస్తుంది, అదీ నీరు తిరిగి వస్తేనే. పత్తి సాగుకు నదులను మళ్లించడంతో 1960 తర్వాత కుంచించుకుపోయిన అరల్ సముద్రం అనే మధ్య ఆసియా సరస్సులో నీరు తిరిగి వచ్చిన చోటు, రాని చోటు పక్కపక్కనే కనిపిస్తాయి. 2005లో కజకిస్తాన్ కోక్-అరల్ ఆనకట్ట కట్టాక ఉత్తర భాగంలో నీటిమట్టం పెరిగింది, ఉప్పు తగ్గింది, చేపల వేట మళ్ళీ మొదలైంది. దక్షిణ భాగానికి ఆ నీరు చేరలేదు. 2014 నాటికి దాని తూర్పు పాయ పూర్తిగా ఎండింది. ఎండిన అడుగు నుంచి ఉప్పు దుమ్ము లేస్తుంటే, దాన్ని ఆపడానికి ఇప్పుడు అక్కడ సాక్సాల్ పొదలు నాటుతున్నారు. సాక్సాల్ మధ్య ఆసియా ఎడారుల మొక్క, ఉప్పును, కరువును తట్టుకుంటుంది. ఒకప్పుడు సరస్సు అయిన ఆ చోటు ఇప్పుడు ఎడారి అని ఒప్పుకుని, ఎడారికి తగిన మొక్కను ఎంచుకున్నారు.